మామయ్య స్పెక్ట్రమ్, పదకొండు క్యాసెట్లు: ముందు ఏది కాపాడాలి?

పాతపెట్టె (హైదరాబాద్), శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా మేనమామ 1983 నుంచి ఎనిమిదేళ్లు ఇంగ్లండ్‌లో, లెస్టర్ ఊళ్లో ఉన్నారు. ఆయన పోయి ఆరేళ్లయింది. పోయిన వారం అత్తయ్య ఇల్లు మారుతూ అటక మీది సామాన్లు దింపిస్తే ఒక అట్టపెట్టె బయటపడింది. "నీకు ఇలాంటివి ఇష్టం కదరా, తీసుకుపో" అని ఇచ్చేశారు.

అందులో రబ్బరు మీటల జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ 48కే (సింక్లెయిర్ కంపెనీ చేసిన ఇంటి కంప్యూటర్) ఒకటి, దాని అడాప్టర్, మైక్రోడ్రైవ్ తగిలించడానికి కింద అమర్చే నల్లటి ఇంటర్‌ఫేస్ 1, ఒక మైక్రోడ్రైవ్ (చిన్న టేపు కార్ట్రిడ్జిలు చదివే డ్రైవ్), దాని నాలుగు చిన్న కార్ట్రిడ్జిలు, పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. క్యాసెట్లలో నాలుగు కొన్న ఆటలు. మిగతా ఏడు మామయ్య తన ప్రోగ్రాములు దాచుకున్న సొంత క్యాసెట్లు. వాటిలో ఒకదాని మీద తెలుగులో "ఇంటి లెక్కలు" అని పెన్నుతో రాసి ఉంది. ఆయన చేతిరాతే.

ఆటలు పోతే పోనీ, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఈ ఏడు క్యాసెట్లు, నాలుగు కార్ట్రిడ్జిలు మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. నలభై ఏళ్ల నాటివి. ముందు దేనిమీద చెయ్యి వెయ్యాలి? కంప్యూటర్ ఆన్ చేసి చూడనా?

టంకం (విజయవాడ), శనివారం రాత్రి 9:31

ఆన్ చేయొద్దు తమ్ముడూ. ముందు అడాప్టర్ పక్కన పెట్టెయ్. నలభై ఏళ్లు ఊరికే పడున్న కెపాసిటర్లు ఏ స్థితిలో ఉన్నాయో చూడకుండా కరెంటు ఇవ్వకూడదు. ఇంట్లో ఉన్న వేరే 9 వోల్టుల అడాప్టర్ అసలే పెట్టొద్దు. స్పెక్ట్రమ్ పిన్నుకు మధ్యలో నెగెటివ్, బయట పాజిటివ్. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ దీనికి తిరగేసి ఉంటాయి. ఒక్కసారి తప్పు పెడితే బోర్డు పోతుంది.

నీ క్యాసెట్లు చదవడానికి స్పెక్ట్రమ్ అక్కర్లేదు కూడా. మంచి టేప్ డెక్ ఒకటి, దాన్నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక వైరు ఉంటే చాలు. పాటలు ఎక్కించినట్టే 44.1 కిలోహెర్ట్జ్‌లో, మోనోలో, వేవ్ ఫైలుగా రికార్డు చెయ్. ఎంపీ3 వద్దు. డాల్బీ బటన్ ఆపెయ్. శబ్దం ఒకసారి చేతికొచ్చాక దాన్ని తీరిగ్గా వందసార్లు విడగొట్టుకోవచ్చు, టేపును మాత్రం వందసార్లు తిప్పలేం.

నేను రికార్డర్లు బాగుచేయడం మొదలుపెట్టి ముప్పై రెండేళ్లు. కోస్తాలో క్యాసెట్ల మీద తెల్లగా బూజు పడుతుంది. వెలుతురులో పట్టుకుని చుట్ట అంచు చూడు. పొడిలా కనిపిస్తే తిప్పకు, ఫొటో పెట్టు.

బర్మింగ్‌హామ్_మూర్తి, శనివారం రాత్రి 10:05

ఈ పోస్టు చూడగానే నిద్ర పోయింది నాకు. నేను 1982లో ఇక్కడికి వచ్చాను. ఆ ఏప్రిల్‌లోనే స్పెక్ట్రమ్ విడుదలైంది, 16కే మోడల్ 125 పౌండ్లు, 48కే 175 పౌండ్లు. మూడు నెలలు దాచి 48కే కొన్నాను. మీ మామయ్య పెట్టెలో ఉన్నవన్నీ నా అలమారులోనూ ఉన్నాయి.

మీకు ఒక సంగతి చెప్పాలి. సొంత క్యాసెట్లు మొదటినుంచి వినండి, ఊరికే ముందుకు తిప్పకండి. ఒకే క్యాసెట్లో ఆరేడు ప్రోగ్రాములు ఉండేవి. ఏది ఎక్కడుందో తెలియడానికి మేము మైకు పెట్టి ప్రోగ్రాము పేరు నోటితో చెప్పి, తర్వాత సేవ్ చేసేవాళ్లం. మీ మామయ్య కూడా అలా చెప్పి ఉండొచ్చు.

ఇక మైక్రోడ్రైవ్. స్పెక్ట్రమ్ విడుదల రోజునే సింక్లెయిర్ దాన్ని ప్రకటించారు. 50 పౌండ్లకే వంద కేబీల డ్రైవ్ అన్నారు. మేము ఎదురుచూస్తూనే ఉన్నాం. వచ్చింది 1983 జూలైలో. కార్ట్రిడ్జి అగ్గిపెట్టె కంటే చిన్నది. లోపల 2 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపు, 5 మీటర్లు, మొదలూ చివరా అతికించిన ఒకే గొలుసు. చుట్ట లోపలి అంచునుంచి బయటికి వచ్చి, హెడ్ ముందునుంచి పోయి, మళ్లీ బయటి అంచున చుట్టుకుంటుంది. మామూలు క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడిస్తే ఇది దానికి దాదాపు పదహారు రెట్ల వేగంతో పరిగెత్తేది. గొలుసు ఒక చుట్టు తిరగడానికి ఏడు సెకన్లు. క్యాసెట్‌తో ఐదు నిమిషాలు పట్టే ప్రోగ్రాము పది, పదిహేను సెకన్లలో వచ్చేసేది.

అందులో ఒక చిత్రం ఉంది. కొత్త కార్ట్రిడ్జిని నాలుగైదుసార్లు ఫార్మాట్ చేస్తే చోటు పెరిగేది! టేపు కొద్దిగా సాగి సర్దుకునేది కాబట్టి. మొదటిసారి 85 కేబీ చూపించింది తర్వాత 90 చూపించేది. అప్పుడు మాకు సంబరంగా ఉండేది. అలా సాగే టేపు మీద మన పని దాచుకుంటున్నామనే ఆలోచన తర్వాత వచ్చింది.

కార్ట్రిడ్జిలు చివరికి ఉంచండి. లోపల టేపును హెడ్‌కు ఒత్తి పట్టే ఫెల్ట్ ముక్క కింద ఉన్న స్పంజి ఈపాటికి పొడైపోయి ఉంటుంది. అది మార్చకుండా డ్రైవ్‌లో పెట్టకూడదు.

కుర్రాడు2004 (వరంగల్), ఆదివారం ఉదయం 7:48

చదువుతుంటే భలే ఉంది. ఒక సందేహం. పాటల క్యాసెట్లో కంప్యూటర్ ప్రోగ్రాము ఎలా పట్టింది? అప్పటికే హార్డ్ డిస్కులు ఉన్నాయి కదా, అవి ఎందుకు వాడలేదు?

న్యూజెర్సీ_సుధ, ఆదివారం ఉదయం 8:20

ఉన్నాయి తమ్ముడూ, ఇళ్లలో లేవు. చిన్న కంప్యూటర్లకు సరిపోయే మొదటి హార్డ్ డిస్కు సీగేట్ ఎస్‌టీ-506, 1980లో వచ్చింది. 5 మెగాబైట్లకు 1500 డాలర్లు. ఆ డబ్బుకు కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్లు రెండు కొన్నా ఇంకా మిగిలేది. ఆ పైన బబుల్ మెమరీ అని ఇంకొకటి వస్తుందనీ, డిస్కులన్నీ మూలన పడతాయనీ పత్రికలు రాసేవట. ఇంటెల్ 1979లో 1 మెగాబిట్ చిప్ కూడా తెచ్చింది. అది ఇంటి ధరకు ఎప్పటికీ దిగలేదు.

క్యాసెట్ రికార్డర్ అయితే ప్రతి ఇంట్లో ఉండేది. క్యాసెట్ ఏ బడ్డీ కొట్లోనైనా దొరికేది. అందుకే 1975 నవంబరులో బైట్ పత్రిక వాళ్లు కాన్సస్ సిటీలో ఔత్సాహికులను, తయారీదారులను కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేయించారు. ప్రోగ్రాము అంతా సున్నాలు, ఒకట్లే కదా. సున్నా అంటే 1200 హెర్ట్జ్ మోత నాలుగు అలలు, ఒకటి అంటే 2400 హెర్ట్జ్ మోత ఎనిమిది అలలు. సెకనుకు 300 బిట్లు. ఒకరి టేపు ఇంకొకరి యంత్రంలో చదవాలన్నది కోరిక. తర్వాత వచ్చిన కంపెనీలు ఎవరికి వాళ్లే వేరే పద్ధతులు పెట్టుకున్నారు, ఆ కోరిక తీరలేదు.

బర్మింగ్‌హామ్_మూర్తి, ఆదివారం ఉదయం 8:41

స్పెక్ట్రమ్‌లో మోత ఎంతసేపు ఉందన్నదే లెక్క. ఒక బిట్‌కు పొట్టి అల వస్తే సున్నా, దానికి రెట్టింపు పొడవు అల వస్తే ఒకటి. సగటున సెకనుకు 1365 బిట్లు. 48 కేబీలు నింపడానికి ఐదు నిమిషాలకు కాస్త తక్కువ.

ఆ ఐదు నిమిషాలు ఎలా ఉండేవో చెప్తాను. ముందు సన్నటి కూత. తెర అంచుల్లో ఎరుపు, ఆకాశనీలం పట్టీలు నిదానంగా పైకి పాకేవి. ఒక్క క్షణం కరకర, ప్రోగ్రాము పేరు తెర మీద పడేది. మళ్లీ కూత. తర్వాత నీలం, పసుపు పట్టీలు వణుకుతూ మొదలయ్యేవి. ఆటల్లో అయితే బొమ్మ ముందు వచ్చేది, పై మూడో వంతు, మధ్య, కింద, గీత గీతగా. చివర్లో రంగులు. వంటింట్లో మా ఆవిడ మిక్సీ వేస్తే గుండె ఆగేది. నాలుగు నిమిషాల యాభై సెకన్ల దగ్గర "ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్" అని పడితే మళ్లీ మొదటికి.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు (కాకినాడ), ఆదివారం ఉదయం 11:15

మూర్తి గారూ, ఆ చివరి మాటే నేను అందుకుంటాను. మళ్లీ మొదటికి ఎందుకు పోవాలి? ఆకార్న్ కంపెనీ చేసిన బీబీసీ మైక్రో కంప్యూటర్లో ఆ అవసరం లేదు.

మన దేశంలో 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి, మొదటి విడతలో 250 బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. మా బడి అందులో ఒకటి. గదికి కార్పెట్, కిటికీకి తెర, చెప్పులు బయట. పిల్లలు గుడిలోకి వచ్చినట్టు వచ్చేవాళ్లు. ఫ్లాపీలు మాకు సులువుగా దొరికేవి కావు, ఉన్నవాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. పిల్లల పని దాచడానికి క్యాసెట్లే గతి.

బీబీసీ మైక్రో టేపు మీద ప్రోగ్రామును ఏకంగా రాయదు. 256 బైట్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ పేరు, వరుస సంఖ్య, తప్పు పట్టే లెక్క జోడించి రాస్తుంది. చదివేటప్పుడు ఆ సంఖ్యలు తెర మీద పెరుగుతుంటాయి. పదకొండో ముక్కలో తప్పు వస్తే ఆగి, టేపు వెనక్కి తిప్పమని అడుగుతుంది. రెండు సెకన్లు వెనక్కి తిప్పితే పదకొండో ముక్కనుంచి అందుకుంటుంది. మొదటి పది భద్రం. పైగా రికార్డర్ మోటారును తనే ఆపి నడుపుతుంది, లోపల రిలే టక్కున కొట్టుకోవడం వినిపించేది. ఎండాకాలం మా రికార్డర్ బెల్టు వదులై వేగం తప్పేది. అలాంటి రోజున కూడా నలభై మంది పిల్లల పనిలో ఒక్కటి పోకుండా చదివించాను.

వేగం సెకనుకు 1200 బిట్లు, స్పెక్ట్రమ్ కంటే తక్కువ. ఒప్పుకుంటాను. కానీ పిల్లవాడు గంట కష్టపడి రాసింది నిలబడాలి. ఆకార్న్ వాళ్లు దాని గురించి ఆలోచించారు, సింక్లెయిర్ వాళ్లు ధర గురించి ఆలోచించారు. నా దృష్టిలో ఆ పోటీ అంతా ఇందులో ఉంది.

బర్మింగ్‌హామ్_మూర్తి, ఆదివారం మధ్యాహ్నం 12:02

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ ధర గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు. బీబీసీ మోడల్ బి ధర 399 పౌండ్లకు చేరింది. నా మొదటి జీతాల్లో అది నా తరం కాదు. స్పెక్ట్రమ్ లేకపోతే నాకు కంప్యూటరే లేదు. మీ బడికి ప్రభుత్వం ఇచ్చింది, మా ఇంటికి ఎవరిస్తారు? యాభై లక్షల స్పెక్ట్రమ్‌లు అమ్ముడయ్యాయంటే యాభై లక్షల మందికి తలుపు తెరుచుకున్నట్టే.

అసలు ఇద్దరూ ఒకే గూటి పక్షులు. ఆకార్న్ పెట్టిన క్రిస్ కర్రీ అంతకు ముందు ఏళ్ల తరబడి క్లైవ్ సింక్లెయిర్ దగ్గరే పనిచేశారు. 1978లో విడిపోయి హెర్మాన్ హౌజర్‌తో కలిశారు. కంపెనీలు రెండూ కేంబ్రిడ్జ్‌లోనే. టీవీ పాఠాల కోసం బీబీసీ ఒక కంప్యూటర్ వెతుకుతుంటే ఇద్దరూ పోటీపడ్డారు. ఆకార్న్ ఇంజనీర్లు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ వారం రోజుల్లో నమూనా నిలబెట్టి ఆకార్న్‌ను గెలిపించారు. సింక్లెయిర్‌కు ఆ బాధ పోలేదు. 1984 క్రిస్మస్ ముందు ఆకార్న్ వాళ్లు సింక్లెయిర్ యంత్రాలు ఎక్కువ పాడవుతాయన్నట్టు పేపర్లో ప్రకటన వేస్తే, కేంబ్రిడ్జ్‌లో ఒక పబ్బులో ఆయన కర్రీని కాగితాల చుట్టతో కొట్టారు. మా ఆసుపత్రి క్యాంటీన్లో వారం రోజులు అదే కబురు.

ఆ పోట్లాటలో ఉండగానే ఇద్దరి కిందా నేల కదిలింది. 1985 ఫిబ్రవరిలో ఆకార్న్‌లో దాదాపు సగం వాటా ఇటలీ కంపెనీ ఒలివెట్టి చేతికి పోయింది. 1986 ఏప్రిల్‌లో సింక్లెయిర్ కంప్యూటర్లను ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీ 50 లక్షల పౌండ్లకు కొనేసింది.

మైక్రోడ్రైవ్ మీద సింక్లెయిర్‌కు ఉన్న పట్టుదలకూ దీనికీ సంబంధం ఉందని నా నమ్మకం. 1984 జనవరిలో క్యూఎల్ అనే 399 పౌండ్ల పెద్ద యంత్రం తెచ్చారు. ఆఫీసులకు అన్నారు. దాంట్లో కూడా ఫ్లాపీ లేదు, రెండు మైక్రోడ్రైవ్‌లు. ఇంటి కుర్రాడు ఓపిక పడతాడు గానీ, లెక్కల పుస్తకం సాగే టేపు మీద పెట్టే వ్యాపారి ఎవరు? ఫిన్లాండ్‌లో, తర్వాత లినక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ లాంటివాళ్లు దాన్ని కొని, సాఫ్ట్‌వేర్ దొరక్క తామే రాసుకుని గొప్పవాళ్లయ్యారు. కొన్న ఆఫీసులు మాత్రం తక్కువ.

న్యూజెర్సీ_సుధ, ఆదివారం రాత్రి 8:55

మీ ఇద్దరూ కేంబ్రిడ్జ్ దాటి రావడం లేదు. ఇటు చూడండి. 1977లో ఇక్కడ యాపిల్ 2, కమొడోర్ పెట్, టీఆర్ఎస్-80 ఒకే ఏడాది వచ్చాయి. మూడూ క్యాసెట్‌తోనే మొదలయ్యాయి. టీఆర్ఎస్-80 తెరతో, రికార్డర్‌తో కలిపి 600 డాలర్లు. యాపిల్ 2 ఒట్టి యంత్రమే 1298 డాలర్లు. మరి ఖరీదైనదే ఎలా నిలబడింది? 1978లో స్టీవ్ వోజ్నియాక్ డిస్క్ 2 చేశాడు కాబట్టి. షుగార్ట్ కంపెనీ డ్రైవ్ తీసుకుని, దాన్ని నడిపే కార్డును ఎనిమిది చిప్పులతో ముగించాడు. మిగతావాళ్లు చిప్పులతో చేయించే పని ఆయన ప్రోగ్రాముతో చేయించాడు. కార్డుతో కలిపి 595 డాలర్లు, ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకు 495. మరుసటి ఏడాది విజికాల్క్ అనే లెక్కల పట్టిక ప్రోగ్రాము వచ్చింది. ఫ్లాపీలో. లెక్కలు రాసే అకౌంటెంటు పెట్టెలోంచి ఫ్లాపీ తీసి పెట్టి, కాఫీ కలుపుకునే లోపల పని మొదలుపెట్టాడు. క్యాసెట్ ఉన్న కంప్యూటర్ ఆట వస్తువు, ఫ్లాపీ ఉన్న కంప్యూటర్ పనిముట్టు. ఆ గీత అక్కడ పడింది.

మా ఇంట్లో కమొడోర్ 64, నాన్న 1984లో కొన్నారు. నాకు తొమ్మిదేళ్లు. మొదటి ఏడాది క్యాసెట్టే. కమొడోర్ ప్రతి ముక్కనూ టేపు మీద రెండుసార్లు రాస్తుంది, ఒకటి పాడైతే రెండోది ఉంటుందని. మాస్టారు గారు మెచ్చుకునే జాగ్రత్తే. కానీ దానివల్ల సెకనుకు యాభై బైట్లు. మూర్తి గారి ఐదు నిమిషాల ప్రోగ్రాము మాకు పావుగంట పైమాట. ఆట పెట్టి, భోంచేసి వచ్చి ఆడేదాన్ని.

తర్వాత 1541 అనే ఫ్లాపీ డ్రైవ్ కొన్నారు. అది చిన్న బీరువా అంత బరువు. ఎందుకంటే అది ఉత్త డ్రైవ్ కాదు, దాంట్లో సొంత 6502 ప్రాసెసర్, 2 కేబీల మెమరీ ఉన్నాయి. అది ఒక కంప్యూటరే. అయినా సెకనుకు 400 బైట్లే! కారణం డిస్కు కాదు, మధ్యలో ఉన్న వైరు. 64కు ముందు వచ్చిన కమొడోర్ విక్-20 కాలంలో ఒక చిప్పులో లోపం ఉండి, బిట్ బిట్‌నూ ప్రోగ్రాముతో పంపే పద్ధతి పెట్టారు. 64లో బొమ్మలు గీసే చిప్పు మధ్యమధ్యలో ప్రాసెసర్‌ను ఆపేస్తుంది కాబట్టి ఆ నిదానాన్ని ఇంకా పెంచారు. కుర్రాళ్లు దానికి విరుగుడు కనిపెట్టారు. డ్రైవ్‌లో ప్రాసెసర్ ఉంది కదా, ముందు ఒక చిన్న ప్రోగ్రామును దాని మెమరీలోకి పంపి, ఇక నువ్వు ఇలా మాట్లాడు అని కొత్త భాష నేర్పేవాళ్లు. ఫాస్ట్ లోడర్లు అంటే అవే. వేగం ఐదు రెట్లు. తయారుచేసిన కంపెనీ చేయలేనిది బయటివాళ్లు చేసి చూపించారని నాన్న ఎంత మురిసిపోయారో.

ఆ డ్రైవ్ ఫ్లాపీకి ఒక పక్కే వాడేది. నాన్న ఆఫీసు నుంచి కాగితాల పంచ్ తెచ్చి, రెండో అంచున, మొదటి అంచు గాటు ఉన్న ఎత్తులోనే ఇంకో గాటు కొట్టి, తిరగేసి రెండో పక్క కూడా వాడేవారు. గాటు కొలవడానికి పాత ఫ్లాపీనే తిరగేసి పైన పెట్టి పెన్సిల్‌తో గీత గీసేదాన్ని. అది నా పని. ఆ పెన్సిల్ గీతలున్న ఫ్లాపీలు ఇప్పటికీ ఉన్నాయి.

కుర్రాడు2004 (వరంగల్), ఆదివారం రాత్రి 9:30

శబ్దమే కదా అని ఒక ఆలోచన వచ్చింది. ఫోన్లో వినిపిస్తే, రేడియోలో వేస్తే?

బర్మింగ్‌హామ్_మూర్తి, ఆదివారం రాత్రి 9:52

వేశారు నాయనా! హాలండ్‌లో హాబీస్కూప్ అనే రేడియో కార్యక్రమంలో వేసేవారు. రకరకాల యంత్రాలు చదివేలా బేసికోడ్ అని ఒక పద్ధతి కూడా పెట్టారు. యుగోస్లావియాలో ఇంకా ఎక్కువ. అక్కడ వోయా ఆంతోనిచ్ అనే ఆయన 1983లో గలాక్సియా అనే కంప్యూటర్ రూపొందించి, ఇంట్లో చేసుకోవడానికి బొమ్మలతో సహా పత్రికలో ఇచ్చేశాడు. బెల్‌గ్రేడ్ రేడియోలో జోరాన్ మోడ్లి తన కార్యక్రమంలో ఆ ప్రోగ్రాములు ప్రసారం చేసేవాడు. శ్రోతలు రేడియో పక్కన క్యాసెట్ పెట్టి రికార్డు చేసుకుని, కంప్యూటర్లోకి ఎక్కించుకునేవాళ్లు.

పాతపెట్టె (హైదరాబాద్), మంగళవారం రాత్రి 10:20

రెండు రోజులు ఇదే పని. బూజు లేదు. "ఇంటి లెక్కలు" క్యాసెట్‌కు మాత్రం లోపలి ఫెల్ట్ ముక్క ఊడి దొర్లుతోంది. టంకం అన్న ఫోన్లో చెప్పినట్టు ఐదు స్క్రూలు విప్పి, చుట్టలు రెండూ కదలకుండా ఎత్తి, కొత్త క్యాసెట్ డొక్కులో పెట్టాను. చేతులు వణికాయి. అరగంట పట్టింది.

మూర్తి గారూ, మీరన్నట్టే గొంతు ఉంది. మొదట గరగర, తర్వాత మామయ్య గొంతు: "మూడు. ఇంటి లెక్కలు. కొత్తది." అంతే, వెంటనే కూత. అమ్మను పిలిచి వినిపించాను. వాళ్ల తమ్ముడి గొంతు ఆరేళ్ల తర్వాత వింది. మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు పెట్టాను.

కానీ ప్రోగ్రాము రావడం లేదు. వేవ్ ఫైలును, శబ్దంలోంచి ప్రోగ్రామును విడదీసే ఆడియో2టేప్‌కు ఇస్తే పేరు ఉన్న 17 బైట్ల ముక్క వచ్చింది. అసలు ముక్క చివర్లో లెక్క తప్పు అంటోంది. మూడుసార్లు రికార్డు చేశాను, మూడుసార్లూ అంతే. టెన్షన్‌గా ఉంది.

టంకం (విజయవాడ), మంగళవారం రాత్రి 10:41

టెన్షన్ పడకు. పేరు వచ్చిందంటే టేపు బతికే ఉంది. గొంతు ఎలా ఉంది, స్పష్టంగానా, దుప్పటి కప్పినట్టు బొంగురుగానా?

పాతపెట్టె (హైదరాబాద్), మంగళవారం రాత్రి 10:44

దుప్పటి కప్పినట్టే ఉంది అన్నా.

టంకం (విజయవాడ), మంగళవారం రాత్రి 11:03

అయితే హెడ్ వాలు. ఆయన రికార్డర్ హెడ్ ఒక కోణంలో నిలబడి రాసింది, నీ డెక్ హెడ్ ఇంకో కోణంలో చదువుతోంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా సన్న స్వరాలు చచ్చిపోతాయి. పొట్టి అలలే పోతే ఇక సున్నా ఏది, ఒకటి ఏది?

డెక్ తలుపు తీస్తే హెడ్‌కు రెండు పక్కలా రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఒకదాని కింద స్ప్రింగ్ ఉంటుంది. అదే తిప్పాల్సింది, రెండోది ముట్టుకోకు. ముందు స్క్రూ ఎక్కడుందో మార్కర్‌తో గుర్తు పెట్టు. హెడ్‌ను ఇయర్‌బడ్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు, ఆరనివ్వు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆ కూత వింటూ, చిన్న స్క్రూడ్రైవర్‌తో పావు చుట్టులో పావు వంతు తిప్పు. కూత ఒక్కసారిగా పదునెక్కి చెవిలో గుచ్చుకునే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆపు. స్టీరియో డెక్ కాబట్టి ఎడమ, కుడి రెండూ విడివిడిగా ప్రయత్నించు, ఒకటి బాగుండొచ్చు.

పాత రోజుల్లో ఒక పిల్లాడు పుణె డెసిబెల్స్ వాళ్ల డీబీ స్పెక్ట్రమ్‌కు పనికొచ్చేలా రికార్డర్ సరిచేయమని తెచ్చాడు. నేను పాటలకు చేసినట్టు చేసి ఇచ్చాను. వాడి సొంత టేపులు ఒక్కటీ చదవలేదు. హెడ్‌ను ఆ టేపులకు తగ్గట్టు పెట్టాలి గానీ, పుస్తకంలో ఉన్నట్టు కాదని ఆ రోజు తెలిసింది. ఇప్పటికీ ఆ పిల్లాడి మొహం గుర్తుంది.

పాతపెట్టె (హైదరాబాద్), బుధవారం రాత్రి 9:05

వచ్చింది!! కుడి పక్క ఛానల్, స్క్రూ ఒక చిటికెడు కుడికి. పూర్తిగా, తప్పు లేకుండా వచ్చింది. టంకం అన్నా, నీకు ఎలా చెప్పను.

బేసిక్‌లో రాసిన ప్రోగ్రాము, 214 లైన్లు. పౌండ్లలో జీతం, అద్దె, గ్యాస్, ఇంటికి పంపింది రూపాయల్లో. ఇంకా రన్ చేయలేదు, ముందు చదువుతున్నాను. చివర్లో ఇవి అర్థం కావడం లేదు:

9010 డేటా 2,36,24,60,66,66,66,60
9020 డేటా 0,60,66,66,66,66,60,0

9030 కూడా ఇలాంటిదే, ఎనిమిది అంకెలు. తర్వాత ఇంకేం లేవు. లెక్కలకు సంబంధించినవా?

కుర్రాడు2004 (వరంగల్), బుధవారం రాత్రి 9:11

ఎనిమిది అంకెలు, అన్నీ 255 లోపల. బొమ్మేమో. రెండోది ఇంగ్లీషు ఓ అక్షరం అనుకుంటా.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు (కాకినాడ), బుధవారం రాత్రి 9:38

బొమ్మే, బాబూ. స్పెక్ట్రమ్‌లో 21 అక్షరాలను మనం సొంతంగా గీసుకోవచ్చు. ఒక్కొక్కటి ఎనిమిది గడులు అడ్డం, ఎనిమిది గడులు నిలువు. ఒక్కో అడ్డవరుసకు ఒక అంకె. గళ్ల కాగితం తీసుకుని వేశాను. 60 అంటే మధ్యలో నాలుగు గడులు నలుపు. 66 అంటే రెండు అంచుల దగ్గర ఒక్కొక్కటి. 60, నాలుగు 66లు, మళ్లీ 60. గుండ్రంగా వచ్చింది.

కానీ ఓ అక్షరం అయితే ఆయన గీయాల్సిన పని లేదు, అది యంత్రంలోనే ఉంది. కాబట్టి 9010 చూడండి. కింద అదే గుండ్రం, పైన 2, 36, 24. వేసి చూడండి: కుడి పక్క పైకి లేచి, కిందికి దిగి, ఎడమకు చిన్న కొమ్ము. అది తలకట్టు. అక్షరం ర. అప్పుడు 9020 ఓ కాదు, సున్న.

మూడోదాని అంకెలు పెట్టండి. లేదా రన్ చేయండి.

పాతపెట్టె (హైదరాబాద్), బుధవారం రాత్రి 10:16

ల్యాప్‌టాప్‌లోనే, స్పెక్ట్రమ్‌లా నడిచే ఎమ్యులేటర్లో రన్ చేశాను. అమ్మ పక్కనే ఉంది.

తెర తెల్లగా అయింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత మధ్యలో, నల్లగా, గడులు గడులుగా మూడు అక్షరాలు: రండి. మూడోది "డి". గుడి పెట్టడానికి చోటు చాలక డ కొంచెం నలిగింది. అయినా చదవడానికి ఇబ్బంది లేదు. కింద ఇంగ్లీషులో మెనూ, ఒకటి నుంచి ఆరు.

ఇరవై ఒకటి గీసుకోవచ్చు అన్నారు కదా మాస్టారూ. ఆయన మూడే గీశారు.

తెర ఫొటో రేపు పెడతాను. ఇంకో ఆరు క్యాసెట్లు ఉన్నాయి, హెడ్ స్క్రూ ఇప్పుడున్న చోటే ఉంచి ముందు వాటిని రికార్డు చేసేస్తాను. మూర్తి గారూ, కార్ట్రిడ్జిల్లో ఫెల్ట్ కింద పెట్టడానికి ఎంత మందం స్పంజి కావాలో కొలిచి చెప్పగలరా?

బర్మింగ్‌హామ్_మూర్తి, బుధవారం రాత్రి 10:24

నా దగ్గర పాడైపోయిన కార్ట్రిడ్జి ఒకటి ఉంది. ఇప్పుడే విప్పుతున్నాను.